మార్చి 31 తర్వాత మా స్టడీ ఉంటుందా?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. మీరు ఇంగ్లండ్‌లో ఒక ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రిలో రీసెర్చ్ నర్సు. సిబ్బందికి వచ్చే శ్వాసకోశ ఇన్ఫెక్షన్ల మీద మీ స్టడీ నాలుగో ఏడు నడుస్తోంది. మార్చి 31తో డబ్బు అయిపోతుంది. పొడిగింపు "చర్చల్లో ఉంది" అన్న ఒక్క మెయిల్ తప్ప చేతికి కాగితం రాలేదు. పార్టిసిపెంట్లకు ఇప్పుడే చెప్పాలా, ఏదో ఒకటి తేలాక చెప్పాలా అని అడిగారు. ఫ్రీజర్‌లో ఉన్న శాంపిల్స్ ఏమవుతాయన్నది రెండో ప్రశ్న. మీతో పనిచేసే అమ్మాయి కాంట్రాక్టు కూడా అదే రోజు ముగుస్తుందని చివర్లో రాశారు. నాకైతే అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే అనిపించింది. దాని దగ్గరికి వస్తాను.

ఇలాంటి స్టాఫ్ స్టడీ ఒకదాన్ని కొన్నేళ్లు నడిపాను. మాది చిన్నది. రెండుసార్లు ఇదే మార్చి టెన్షన్ పడ్డాను, ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. అందుకే ఇంత పొడుగు జవాబు.

సూటిగా చెప్పాలంటే, పార్టిసిపెంట్లకు ఇప్పుడే చెప్పండి. డబ్బు తగ్గితే ముందు ఏది ఆపాలి, దేన్ని చివరిదాకా ఉంచాలి అన్న వరసను ఈ వారమే కూర్చుని రాసి, ఇన్వెస్టిగేటర్‌తో (స్టడీని నడిపించే పెద్దతో) సంతకం పెట్టించండి. మార్చి 30న ఆ వరస తేల్చాలని కూర్చుంటే, గట్టిగా అరిచినవాళ్ల పని నిలుస్తుంది, మాట్లాడని శాంపిల్స్ పోతాయి.

ఇంత శ్రమ ఎందుకంటారా? మీలాగే ఆసుపత్రి సిబ్బంది ఇన్ఫెక్షన్ల మీద నడిచిన సైరెన్ అనే పెద్ద స్టడీ సంగతి చూడండి. 2020 జూన్‌లో దాన్ని ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ మొదలుపెట్టింది. ఆ సంస్థే 2021 అక్టోబర్ నుంచి యూకేహెచ్‌ఎస్‌ఏ అయింది. దేశమంతటా 135 ఆసుపత్రుల నుంచి 44 వేల మందికి పైగా సిబ్బంది చేరారు. రెండు వారాలకోసారి ముక్కు, గొంతు స్వాబ్, మధ్యమధ్యలో రక్తం, ఒక ప్రశ్నాపత్రం. 2021 జనవరిలో మొదటి లెక్క బయటపెట్టారు. అప్పటికే యాంటీబాడీలున్న 6,614 మందిలో నవంబర్ 24 దాకా మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చి ఉండొచ్చు అనిపించినవాళ్లు 44 మందే. ఒకసారి కోవిడ్ వచ్చినవాళ్లకు కనీసం ఐదు నెలలపాటు సుమారు 83 శాతం రక్షణ ఉందని తేలింది. పేపర్లన్నీ రాశాయి. అక్కడితో ఆపేసినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. మొదట అనుకున్న ఫాలో-అప్ కూడా ఒక ఏడాదికే.

ఆపలేదు కాబట్టి 2022లో ఇంకో పేపర్ వచ్చింది, నా దృష్టిలో అసలు పేపర్ అదే. ఫైజర్ రెండు డోసులు ఎక్కువ ఎడంతో వేసుకున్నవాళ్లలో (బ్రిటన్‌లో అప్పట్లో 12 వారాల దాకా ఆగారు కదా) మొదటి రెండున్నర నెలల్లో 85 శాతంగా ఉన్న రక్షణ, ఆరున్నర నెలలు దాటేసరికి 51 శాతానికి పడిపోయింది. ముందు ఇన్ఫెక్షన్ వచ్చి, తర్వాత టీకా వేసుకున్నవాళ్లలో మాత్రం ఇన్ఫెక్షన్ వచ్చి ఏడాదిన్నర దాటినా 90 శాతం పైనే నిలిచింది. ఏడాదిన్నర తర్వాత ఏమవుతుందో తెలియాలంటే ఏడాదిన్నర ఆగాల్సిందే. ఎంత డబ్బు పోసినా దీనికి అడ్డదారి లేదు. మీ నాలుగో ఏటి డేటా విలువ కూడా ఇలాంటిదే. మొదటి మూడేళ్లూ ఉన్నాయి కాబట్టే దానికి ఆ విలువ.

అన్నిటికీ ఈ అదృష్టం పట్టలేదు. ఇంపీరియల్ కాలేజ్ నడిపిన రియాక్ట్-1 అనే కోవిడ్ సర్వే 19 రౌండ్ల తర్వాత 2022 మార్చితో ఆగింది. ఓఎన్‌ఎస్ (ప్రభుత్వ గణాంకాల సంస్థ) వాళ్ల కోవిడ్ ఇన్ఫెక్షన్ సర్వే ఇంటింటికీ మనుషుల్ని పంపడం మానేసి, 2022 వేసవి నుంచి కిట్లు పోస్టులో పంపే పద్ధతికి మారింది, 2023 మార్చిలో అదీ ఆగింది. అమెరికాలో నర్సెస్ హెల్త్ స్టడీ 1976లో లక్షా ఇరవై వేల మంది నర్సులతో మొదలైంది. అది ఇన్ఫెక్షన్ల స్టడీ కాదు గానీ మన కష్టం వాళ్లకూ తెలుసు. 2025 మేలో హార్వర్డ్‌కు ఫెడరల్ గ్రాంట్లు ఆపేసినప్పుడు, దశాబ్దాలుగా దాచిన శాంపిల్స్‌కి లిక్విడ్ నైట్రోజన్ డబ్బు ఎక్కడినుంచి తేవాలా అని అక్కడి పెద్ద ప్రొఫెసర్లే తలపట్టుకున్నారు. కాబట్టి ఇది మీ చేతకానితనం అనుకోకండి.

ఇప్పుడు వరస సంగతి.

కరవు వచ్చినా రైతు విత్తనాల మూట విప్పడు, గంజితో సరిపెట్టుకుంటాడు. మీ స్టడీలో విత్తనాల మూట అంటే మూడు: పార్టిసిపెంట్ల కన్సెంట్ (సమ్మతి), వాళ్లను మళ్లీ పట్టుకోగల చిరునామా-ఫోన్-మెయిల్ జాబితా, మొదట్లో తీసిన రక్తం. ఈ మూడింటినీ ముట్టుకోకూడదు. మిగతావన్నీ తగ్గించుకోవచ్చు.

మొదట తగ్గించాల్సింది ప్రశ్నాపత్రం. అందరూ దీన్ని వదిలేసి స్వాబ్‌ల మీద పడతారు, స్వాబ్‌కి ఖర్చు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి. కానీ నలభై ప్రశ్నల ఫారం తినేది మనుషుల సమయాన్ని, ఓపికని. నాలుగో ఏట "మీ వార్డులో గాలి ఎలా ఆడుతుంది" అని ఇంకా అడుగుతున్నారా? తీసేయండి. లక్షణాలున్నాయా, సెలవు పెట్టారా, టీకా వేసుకున్నారా అన్న మూడూ చాలు.

తర్వాత స్వాబ్. ఇక్కడ జాగ్రత్త. రెండు వారాలకోసారి తీయడానికి కారణం ఉంది. లక్షణాలు లేకుండా వచ్చిపోయే ఇన్ఫెక్షన్‌ను పీసీఆర్‌తో పట్టుకోవాలంటే అంత దగ్గరదగ్గరగా తీయాలి. నెలకోసారికి మార్చితే కొన్ని జారిపోతాయి. అయినా ఫలానా తేదీ నుంచి అందరికీ నెలకోసారి అని ముందే నిర్ణయించి రాసుకుంటే, లెక్కలు చేసేవాళ్లు దాన్ని సర్దుకోగలరు. వాళ్లు సర్దుకోలేనిది ఇంకొకటుంది: ఏప్రిల్‌లో కొందరికి తీసి, కొందరికి తీయక, మేలో కిట్లు దొరికిన రోజు తీసి, ఎవరికి ఎందుకు ఆగిందో ఎక్కడా రాయకపోవడం. ఖాళీ ఉంటే ఉండనీయండి, అది అంచులు సరిగ్గా తెలిసిన ఖాళీ అయితే చాలు. డబ్బు మరీ తక్కువైతే చలికాలం మాత్రమే తీయండి, అక్టోబర్ నుంచి మార్చి దాకా. సైరెన్ కూడా తర్వాతి ఏళ్లలో అందరినీ ఏడాది పొడుగునా కాకుండా, ఒక చిన్న గుంపుతో చలికాలాల మీద దృష్టి పెట్టింది.

రక్తం తీయడం మాత్రం చివరిదాకా ఆపకండి. మూడు నెలలకోసారి కుదరకపోతే ఆరు నెలలకోసారి. బ్రిటన్‌లో వేసిన కోవిడ్ టీకాలన్నీ స్పైక్ ప్రొటీన్ (వైరస్ పైన ముళ్లలా ఉండే భాగం) మీదే పనిచేస్తాయి. కాబట్టి న్యూక్లియోక్యాప్సిడ్ యాంటీబాడీ (వైరస్ లోపలి ఇంకో ప్రొటీన్ మీద పుట్టేది, మనం ఎన్ యాంటీబాడీ అంటాం) కొత్తగా కనిపించిందంటే అది ఇన్ఫెక్షన్ జాడే. స్వాబ్‌లో జారిపోయినది కొంత ఇక్కడ దొరుకుతుంది. కొంతే సుమా. టీకా వేసుకున్నవాళ్లలో ఈ యాంటీబాడీ ఒక్కోసారి సరిగా పుట్టదు, పుట్టినా కొన్నాళ్లకు తగ్గిపోతుంది. పైగా మీ స్టడీలో ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ (జలుబు, దగ్గు తెచ్చే ఇంకో వైరస్) కూడా ఉన్నాయన్నారు. వాటికి రక్తంతో ఇంత తేలిగ్గా జాడ పట్టలేం. స్వాబ్ పూర్తిగా ఆపితే ఆ రెండూ మీ స్టడీలోంచి పోయినట్టే. ఈ మాట ఇన్వెస్టిగేటర్‌కు ఇప్పుడే చెప్పండి, తర్వాత ఆశ్చర్యపోకుండా.

"ఎలాగూ జాతీయ టెస్టు రికార్డులతో లింకు ఉంది కదా, అక్కడినుంచి పాజిటివ్‌లు వస్తాయి" అని ఎవరో ఒకరు అంటారు. 2021లో ఆ మాట కొంత నిజం. ఇంగ్లండ్‌లో అందరికీ ఉచిత టెస్టులు 2022 ఏప్రిల్ 1తో ఆగాక ఆ బావిలో నీళ్లు అడుగంటాయి. టీకా తేదీలకు ఆ లింకు ఇప్పటికీ బంగారమే, ఇన్ఫెక్షన్లకు మాత్రం కాదు.

ఇక చెప్పాలా వద్దా అన్న సంగతి. మేం దెబ్బతిన్నది ఇక్కడే. ఆ ఏడాది ఫిబ్రవరిలో మాకూ ఇలాంటి మెయిలే వచ్చింది. అనవసరంగా కంగారు పెట్టడం ఎందుకు, ఉత్తరం వచ్చాక ఒకేసారి చెబుదాం అనుకున్నాం. ఏప్రిల్‌లో కిట్లు రాలేదు. మేం నోరు విప్పలేదు. డబ్బు మే చివర్లో వచ్చింది. హుషారుగా మళ్లీ మొదలుపెట్టాం. తిరిగి వచ్చినవాళ్లను చూస్తే ఎక్కువమంది పగటి డ్యూటీవాళ్లు, ఆఫీసు పనివాళ్లు. నైట్ షిఫ్ట్ నర్సులు, పోర్టర్లు, క్లీనింగ్ సిబ్బంది సగానికి సగం కనపడలేదు. ఒకరోజు క్యాంటీన్‌లో మన తెలుగమ్మాయే, నైట్ డ్యూటీ చేసే నర్సు, ఎదురుపడింది. "అక్కా, మీరు ఆపేశారనుకున్నా. మూడు వారాలు కిట్ కోసం చూశాను. తర్వాత సర్లే, వీళ్లకు మన అవసరం తీరిపోయింది అనుకున్నా" అంది. ఏం చెప్పను? ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

ఇది మనసుకు కష్టం కలిగించిన విషయం ఒక్కటే కాదు, లెక్కకూ నష్టం. ఎక్కువగా ఇన్ఫెక్షన్‌కు గురయ్యేవాళ్లే ముందు జారుకుంటే, మిగిలినవాళ్లలో రేటు తగ్గినట్టు కనిపిస్తుంది. ఇన్ఫెక్షన్లు తగ్గాయని మీరు సంతోషిస్తారు, నిజానికి తగ్గింది పోర్టర్ల సంఖ్య. ఆ తర్వాత చేసిన ప్రతి పట్టికలో మేం దీన్ని ఫుట్‌నోట్‌గా రాసుకోవాల్సి వచ్చింది.

రెండోసారి అదే పరిస్థితి వచ్చినప్పుడు ఇలా రాసి పంపాం: "మన స్టడీకి మార్చి 31 దాకా డబ్బు ఉంది. ఆ తర్వాతి సంగతి ఏప్రిల్ 20లోగా మీకు చెబుతాం, తేలకపోతే తేలలేదనే చెబుతాం. అంతవరకూ స్వాబ్ పంపనవసరం లేదు. మీరు ఇచ్చిన శాంపిల్స్, వివరాలు భద్రంగా ఉన్నాయి. మానుకోవాలంటే ఎప్పటిలాగే ఎప్పుడైనా మానుకోవచ్చు." ఇంతే. "నిధుల సర్దుబాటు ప్రక్రియ పురోగతిలో ఉన్నది" లాంటి వాక్యం ఒక్కటీ లేదు. ఏప్రిల్ 20న ఇంకా తేలలేదని మళ్లీ రాశాం. ఈసారి తిరిగి వచ్చినవాళ్లలో రాత్రివాళ్లు కూడా ఉన్నారు. మీరు పంపేముందు మీ స్పాన్సర్‌ను (స్టడీకి బాధ్యత వహించే సంస్థను) ఒకసారి అడగండి, పార్టిసిపెంట్లకు వెళ్లే రాతకు ఎవరి ఆమోదం కావాలో వాళ్లే చెబుతారు. ఆ ఆమోదానికి రోజులు పడతాయి, అందుకే ఇప్పుడే మొదలుపెట్టమంటున్నాను. నైట్ షిఫ్ట్‌వాళ్లకు మెయిల్ మీద ఆధారపడకండి, ఒక రాత్రి ఎనిమిదింటికి హ్యాండోవర్ సమయంలో వార్డులు తిరగండి.

ఫ్రీజర్ సంగతికి వద్దాం. దీనికి రెండు ముఖాలున్నాయి. ఒకటి చట్టం. ఇంగ్లండ్‌లో 2004 నాటి హ్యూమన్ టిష్యూ యాక్ట్ ప్రకారం, కణాలున్న శాంపిల్స్‌ను పరిశోధన కోసం దాచాలంటే లైసెన్స్ ఉన్న చోటైనా ఉండాలి, లేదా ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్న ప్రాజెక్టు కింద అయినా ఉండాలి. ఇప్పుడు మీవి ఆ రెండో గొడుగు కింద ఉన్నాయి. స్టడీ ముగిసిందని ప్రకటించి, అనుమతి గడువు తీరిన మర్నాడు ఆ గొడుగు ఉండదు. సీరమ్, ప్లాస్మాలో కణాలుండవు కాబట్టి అవి ఈ లెక్కలోకి రావు. మొత్తం రక్తం వస్తుంది, స్వాబ్‌లను కూడా వచ్చినట్టే చూసుకోండి. కాబట్టి మీ ఫ్రీజర్‌లో ఏ పెట్టెలో ఏముందో విడదీసి రాయండి. ఆసుపత్రిలోనే లైసెన్స్ ఉన్న బయోబ్యాంక్ (పరిశోధనల కోసం శాంపిల్స్ దాచే చోటు) ఉంటే, అవసరమైతే తీసుకుంటారా అని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. కన్సెంట్ ఫారంలో "భవిష్యత్ పరిశోధనలకు వాడవచ్చు" అన్న గడి ఎవరెవరు టిక్ చేశారో జాబితా తీయండి. అది లేకపోతే బయోబ్యాంకు వాళ్లు పెట్టెలు ముట్టుకోరు.

అన్నట్టు, డబ్బు ఆగడం వేరు, స్టడీ ముగియడం వేరు. ప్రోటోకాల్‌లో "స్టడీ ముగింపు" అంటే ఏమని రాశారో చూడండి. డబ్బు లేదని తొందరపడి ముగింపు ఫారం నింపేయకండి. అనుమతి గడువే దగ్గరపడితే తేదీ పొడిగించడానికి సవరణ పెట్టొచ్చు, డబ్బు రాకపోయినా. ఖర్చులేని పని అది.

రెండో ముఖం ట్యూబులు, పెట్టెలు. మామూలు స్టిక్కర్ లేబుళ్లు మైనస్ 80లో ఊడిపోతాయి. మాకు ఒక పెట్టె నిండా లేబుల్ లేని ట్యూబులు దొరికాయి, అడుగున స్టిక్కర్లన్నీ రాలిన ఆకుల్లా. ఏది ఎవరిదో చెప్పగలిగిన మనిషి కాంట్రాక్టు అయిపోయి వేరే ఊరు వెళ్లిపోయింది. ఆవిడ తయారుచేసిన స్ప్రెడ్‌షీట్‌కు పాస్‌వర్డ్ ఆవిడకే తెలుసు. ఫోన్ చేస్తే పాపం చెప్పింది, కానీ పెట్టెల వరస ఎందుకు మార్చిందో ఆమెకే గుర్తులేదు.

అందుకే మీ దగ్గర పనిచేసే అమ్మాయి సంగతి ముందు చూడాలన్నాను. మిగిలిన వారాల్లో ఆమె చేత కొత్త స్వాబ్‌లు తీయించడం తగ్గించి, ఆమె తలలో ఉన్నదంతా కాగితం మీద పెట్టించండి. ఏ ఫ్రీజర్, ఏ అర, ఏ పెట్టె. కొరియర్ ఏ రోజు వస్తాడు. ల్యాబ్‌లో ఎవరిని అడిగితే పనవుతుంది. డేటాలో "9" అని కొట్టినచోటల్లా "తెలియదు" అనా, "అడగలేదు" అనా. ఈ చివరిది చిన్న విషయంలా ఉంటుంది, రెండేళ్ల తర్వాత లెక్కలు చేసేవాళ్లను ఏడిపించేది అదే. ఒకరోజు ఆమె పక్కన కూర్చుని, ఆమె రాసింది చూసి మీరు ఒక శాంపిల్ వెతకండి. ఆమెను అడగకుండా దొరికితే హ్యాండోవర్ అయినట్టు.

డబ్బు చేతిలో ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు ఒకే పెద్ద అంకె పట్టుకుని వెళ్లకండి. మూడు అంకెలు వేయండి: పూర్తిగా నడపడానికి మూడు నెలలకు ఎంత, సగం నడకకు ఎంత, ఊపిరి నిలపడానికి ఎంత. ఈ మూడోదానిలో ఫ్రీజర్ కరెంటు, అలారం, వారానికి ఒకటి రెండు రోజుల ఒక మనిషి జీతం, పార్టిసిపెంట్లకు ఉత్తరాలు, అంతే ఉంటాయి. ఆ అంకె చిన్నది కాబట్టి, "గ్రాంట్ వస్తే తిరిగి కడతారు, రాకపోతే మేమే భరిస్తాం" అన్న హామీ ఉత్తరం ఆసుపత్రిలో పరిశోధనలు చూసే ఆర్ అండ్ డీ ఆఫీసు నుంచి తెచ్చుకునే అవకాశం ఉంది. పూర్తి ఖర్చుకు అడిగితే "చూద్దాం" అంటారు. ఆ చూద్దాం ఏప్రిల్ దాటిపోతుంది.

ఆసుపత్రికి మీ స్టడీ ఎందుకు పనికొస్తుందో చెప్పడం కూడా నేర్చుకోవాలి. 2022-23 చలికాలంలో సైరెన్ ఒకే స్వాబ్ మీద కోవిడ్‌తో పాటు ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ కూడా పరీక్షించింది, ఇన్ఫెక్షన్లతో సిబ్బంది సెలవులు ఎంత పెరుగుతున్నాయో చూసింది. రోస్టర్ వేసేవాళ్లకు ఆసక్తి పుట్టేది అక్కడే. కాకపోతే హద్దులో ఉండండి. డబ్బు కోసం ప్రతివారి ప్రశ్ననూ స్టడీలో కలుపుకుంటూ పోతే, చివరికి అది మీరు కన్సెంట్ తీసుకున్న స్టడీలా ఉండదు. ఒక పార్టిసిపెంట్ సెలవు వివరాలు మేనేజర్‌కు చేరాయన్న పుకారు ఒక్కటి చాలు, వార్డు మొత్తం ఖాళీ అవుతుంది. విదేశాల నుంచి వచ్చి వీసా మీద పనిచేసే మనవాళ్లకు ఈ భయం ఇంకాస్త ఎక్కువ, బయటకు చెప్పరు.

ఇంటి దగ్గర, అంటే హైదరాబాద్, వైజాగ్, గుంటూరు కాలేజీల్లో ఇలాంటి పని చేసేవాళ్లకు ఒక మాట. మీకూ ఆర్థిక సంవత్సరం ఇదే మార్చి 31. అక్కడ ఎక్కువసార్లు గ్రాంటులో తర్వాతి విడత ఆగేది యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే కాగితం) సమయానికి వెళ్లక. మార్చి చివర్లో అకౌంట్స్ సెక్షన్ చుట్టూ తిరిగేకంటే ఫిబ్రవరిలోనే ఖర్చు లెక్క తేల్చుకోండి. డబ్బు మిగిలి సమయం అయిపోతుంటే, అదనపు ఖర్చు లేని పొడిగింపు అడగండి. అడిగినవాళ్లకు దొరకడం చూశాను.

నిజంగానే ఏమీ రాకపోతే? అప్పుడు ఆపండి, కానీ నియమం ప్రకారం ఆపండి. అనుకున్న ముగింపు అయితే 90 రోజుల్లోగా, మధ్యలో ఆపేస్తే 15 రోజుల్లోగా ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. పార్టిసిపెంట్లకు వాళ్ల నాలుగేళ్ల స్వాబ్‌లతో ఏం తెలిసిందో ఒక పేజీలో రాసి పంపండి. మేం ఆ పని ఆలస్యంగా చేశాం. ఒక పోర్టర్ ఆ పేజీని మడిచి ఐడీ కార్డు వెనక పెట్టుకుని తిరగడం చూసి, ఇది రెండేళ్ల ముందే ఎందుకు పంపలేదా అనుకున్నాను. కాబట్టి మీది ఆగినా ఆగకపోయినా ఆ పేజీ ఈ నెలలోనే రాయండి.

ఆ అమ్మాయికి మంచి రెఫరెన్స్ లెటర్ కూడా ఇప్పుడే రాసిపెట్టండి. పొడిగింపు వచ్చేసరికి ఆమెకు వేరేచోట ఉద్యోగం దొరికి ఉంటే ఆపకండి. మీ వరస కాగితం తయారయ్యాక, పేర్లు తీసేసి ఇక్కడ పెడితే చూసి చెబుతాను.